రాతి మీద అయిదు రంగులు

తెనాలిలో మూతబడిన ఒక ప్రెస్సు నుంచి రాతి మీద గీసిన బొమ్మను కాగితం మీద అచ్చేసే, చేత్తో తిప్పే లితో యంత్రాన్నీ, సున్నపురాతి పలకలనీ కొని తెచ్చుకున్నప్పుడు మా బంధువులకు ఏమీ అర్థం కాలేదు. ఒకప్పుడు రంగుల లేబుళ్లూ, నాటకాల పోస్టర్లూ వేసిన యంత్రం అది. దాని మీద బొమ్మలు వేసి, ఇదీ కళేననిపించాలని నా ఆశ. కాలేజీలో నేర్చుకున్న విద్య. మా వైపు ఇంకా చేస్తున్నవాళ్లెవరూ నాకు కనబడలేదు.

అమ్మ బాపట్లలో టీచరుగా రిటైరైంది. ఆదివారం చర్చి అయ్యాక రైలెక్కి, యంత్రం పెట్టుకున్న నా షెడ్డుకు వచ్చేది. నేను రాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తే, రంగు పూసేముందు తడి స్పాంజితో రాయంతా తుడవడం తన పని. తడి ఉన్నచోట రంగు అంటదు, జిడ్డుగీతకే అంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అదే కాగితం మళ్లీ మళ్లీ యంత్రంలోకి వెళ్లాలి.

నిజాంపట్నంలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ బొమ్మ అయిదు రంగుల్లో మొదలుపెట్టాం. వానాకాలం చెమ్మకు కాగితం సాగింది. చీర ఎరుపు గీత దాటి మెడ మీదికి జరిగింది. కాగితాలన్నీ పాడయ్యాయి. నేను కూలబడ్డాను.

"ఏంటే అలా కూర్చున్నావ్? ఎండలొచ్చాక మళ్లీ వేద్దాం. రాళ్లెక్కడికీ పోవుగా," అంది అమ్మ.

ఎండలొచ్చాక మళ్లీ వేశాం. చివరి నీలం వేసి కాగితం పైకి లేపితే, రంగులన్నీ గీతకు గీత కుదిరి, ఎండలో ఆవిడ నిలబడి ఉంది. అమ్మ చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూసింది.

రేపల్లెలో ఒక హాల్లో ప్రదర్శన పెట్టాం. ఒక పెద్దాయన ఆ బొమ్మ ముందు ఆగి, "బాగుందమ్మా. కానీ ఇది అచ్చే కదా, అసలు బొమ్మేది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఇదే అసలు బొమ్మండి. పక్క గోడకున్న ఇదే బొమ్మా అసలుదే. రాళ్ల మీద గీసింది మా అమ్మాయి, ప్రతి రంగూ చేత్తో ఎక్కించింది మా అమ్మాయి. రండి, దగ్గరికొచ్చి చూడండి."

క్లాసులో చెప్పినట్టు ఒక్కో రంగూ చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని విన్నాడు. వెనకాల ఇంకొందరు చేరారు. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది.

ఆ సాయంత్రం బొమ్మ కింద నా సంతకం పక్కన అమ్మని తన సంతకమూ పెట్టమన్నాను.

"నాదెందుకే?"

"నువ్వు రాయి తడపకపోతే బొమ్మెక్కడిదమ్మా?"

పెన్సిలు తీసుకుని, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో తాపీగా రాసింది. ఇప్పుడు మా షెడ్డులోంచి ఏ బొమ్మ బయటికి వెళ్లినా రెండు సంతకాలతోనే వెళుతుంది.