దిగే మనిషి చేతిలో బ్రేకు

ఆ వీధిలో కొట్లు తెరవాలన్నా మూయాలన్నా ఎప్పుడో ఒకప్పుడు షట్టర్ల పిన్ని చెయ్యి పడాల్సిందే. మొరాయించిన షట్టరు పక్కన చతికిలబడి, చెవి ఆనించి, "స్ప్రింగు బాగానే ఉంది, పట్టీ వంగింది" అనేది. ఆ మాటకి తిరుగుండేది కాదు. భర్త తన కొట్లో వెల్డింగు చేసేటప్పుడు రేకు కదలకుండా పట్టుకుంటూ పని నేర్చుకుంది. ఆయన పోయాక, "ఆడమనిషి ఏం చేస్తుందిలే" అన్నవాళ్ళ షట్టర్లే ముందుగా బాగుచేసింది. యాభై దాటిన సన్నటి మనిషి. మాట పొదుపు.

ఇంట్లో ఆ లోటు తీర్చడానికి ఆడపడుచు ఉంది. భర్తకి అక్క, ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన టీచరు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. చీపురు ఏ మూలనుంచి మొదలుపెట్టాలో కూడా ఆవిడే చెప్పేది. తమ్ముడు పోయినప్పుడు మాత్రం మరదలి చెయ్యి పట్టుకుని, "మనిద్దరమే మిగిలాం. పోట్లాడుకుంటూనే ఉందాం గానీ విడిపోవద్దు" అంది. ఇద్దరూ ఆ మాట మీదే నిలబడ్డారు, పోట్లాటతో సహా.

అరవై దగ్గరపడుతుండగా టీచరుకి నరాల జబ్బు చేసి కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీ వచ్చింది. ఇల్లేమో మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, నలభై ఎనిమిది మెట్లు. ఆస్పత్రికి వెళ్ళాలంటే నలుగురు కలిసి ఆవిడని కుర్చీతో సహా బీరువా మోసినట్టు మోసేవారు. దిగినంతసేపూ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేది. ఒకసారి మలుపులో ఒకతని చెయ్యి జారింది. కుర్చీ రెండు మెట్లు దభాలున జారింది. ఆవిడ మోచెయ్యి విరిగింది.

కట్టుతో పైకొచ్చాక ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఇదే ఆఖరు. నేనిక దిగను."

"పోనీ వదినా, కింద ఇల్లు చూసి మారిపోదాం" అంది పిన్ని.

"మనం కిందకి మారితే బ్యాంకు మెట్లు కరిగిపోతాయా? ఆస్పత్రి గుమ్మం చదునైపోతుందా? ఎన్నని మారుస్తావమ్మాయ్?"

ఎనిమిది నెలలు ఆవిడ కిటికీ దగ్గరే ఉండిపోయింది. రానురాను గొంతు తగ్గింది. ఒకరోజు పిన్ని కావాలనే గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడ్చుకొచ్చింది. ఆడపడుచు చూసి కూడా ఏమీ అనలేదు. ఆ మర్నాడే పిన్ని టేపు తీసుకుని మెట్లు కొలిచింది.

ఆవిడకి తట్టిన ఉపాయం వినడానికి తేలికే. కుర్చీ వీపుకి రెండు ఇనుప చట్రాలు బిగించాలి. ఒక్కో చట్రం చుట్టూ గట్లున్న రబ్బరు పట్టా తిరగాలి. కుర్చీని వెనక్కి వాలిస్తే చక్రాలు గాల్లోకి లేచి, పట్టాలు మెట్ల అంచుల మీద ఆనుతాయి. వెనక ఒక మనిషి బ్రేకు పిడి బిగించి పట్టుకుని మెల్లగా దించితే చాలు. ఎక్కించడానికి మాత్రం ఇద్దరు లాగాలి. పాత గోనెసంచుల మిల్లులో పారేసిన బెల్టు తెచ్చి, కోసి, పది రోజుల్లో తయారుచేసింది. మనిషి బరువుకి సరిపడా ఇసక బస్తాలు కుర్చీలో కట్టి దించబోతే, రెండో మెట్టు మీదే కుర్చీ తూగుడుబల్లలా ఊగి పక్కకి పడింది.

ఆ చప్పుడుకి లోపలినుంచి చాలా రోజుల తర్వాత పాత గొంతు వినిపించింది. "పట్టా పొడుగెంత?"

"యాభై సెంటీమీటర్లు వదినా."

"మెట్టు ఎత్తు పదిహేడు, వెడల్పు ఇరవై ఎనిమిది అన్నావుగా. అంచుకీ అంచుకీ మధ్య దాదాపు ముప్పై మూడు. నీ పట్టా ఒక్కోసారి ఒకే అంచు మీద నిలబడుతోంది. ఒంటికాలి మీద నిలబడితే ఎవరైనా పడతారు. ఎప్పుడు చూసినా రెండంచులు దాని కింద ఉండాలి. డెబ్భై అయిదు పెట్టు. ఈ లెక్క ఏడో తరగతి పిల్లలు చెప్తారు!"

తిట్టు తిన్నందుకు పిన్నికి కడుపు నిండిపోయింది.

పొడుగు పెంచాక కుర్చీ నిలకడగా దిగింది. కానీ మూడోసారి దించుతుంటే చెమటకి చెయ్యి జారి, బ్రేకు పిడి వదిలేసింది. ఇసక బస్తాలు దడదడమంటూ పోయి, ఒకటో అంతస్తు మలుపు దగ్గర దర్జీ తలుపుకి గుద్దుకున్నాయి. దర్జీ బయటికొచ్చి, నొక్కుకుపోయిన తలుపు తడిమి చూశాడు.

"కొలతలన్నా తీసుకోకుండా నా తలుపుకి కుచ్చిళ్ళు పెట్టేశావా పిన్నీ!"

అందరూ నవ్వారు గానీ పిన్ని నవ్వలేకపోయింది. ఆ కుర్చీలో ఉండాల్సింది ఇసక కాదు. పైకెళ్ళి గోడకి చేరగిలబడి, "ఇది నావల్ల కాదు వదినా" అంది.

టీచరు కుర్చీ తిప్పుకుని ఎదురుగా వచ్చింది. "దాన్ని ఆపాలంటే నువ్వు పిడి బిగించి పట్టుకోవాలి, అంతేనా?"

"అవును."

"అంటే ఆపడానికి బలం కావాలి, కదలడానికి అక్కర్లేదు. తిరగెయ్యి. పట్టుకుంటే కదలాలి, వదిలేస్తే ఆగిపోవాలి."

పిన్ని నెత్తి కొట్టుకుంది. కరెంటు షట్టర్లలో ఉన్నది అదే ఏర్పాటు. కరెంటు పోతే స్ప్రింగు తనంతట తాను బ్రేకుని నొక్కేస్తుంది, షట్టరు నెత్తిన పడకుండా. అలాంటివి ఎన్ని విప్పి బిగించిందో తనకే లెక్క లేదు. మర్నాటికల్లా రెండు గట్టి స్ప్రింగులు కుర్చీ పట్టాలకి ఎక్కాయి. ఇసకతో నలభైసార్లు దించింది. ప్రతి నాలుగో మెట్టు దగ్గరా కావాలనే పిడి వదిలేసింది. కుర్చీ ప్రతిసారీ పాతేసినట్టు ఆగింది.

"ఇక నన్ను దించు" అంది టీచరు.

"ముందు నేను కూర్చుంటాను."

దర్జీని వెనక నిలబెట్టి తనే కుర్చీలో కూర్చుని బెల్టు కట్టుకుంది. ఇన్నాళ్ళూ వెనకనుంచి చూసిన మెట్లు ముందునుంచి చూస్తే వేరుగా ఉన్నాయి. కాళ్ళ ముందు ఏమీ లేదు, ఒట్టి లోతు. కుర్చీ వాలగానే రెండు చేతులతో కుర్చీని పట్టేసుకుంది. దర్జీ జాగ్రత్తపరుడే, బ్రేకూ పటిష్ఠమైనదే, అన్నీ తెలుసు. అయినా ప్రాణం ఇంకొకరి గుప్పిట్లో ఉంది. "ఆపు, ఆపు!" అని పిన్ని అరిచాక, దర్జీ వినేసరికి ఇంకో మెట్టు దిగిపోయింది.

వదిన కళ్ళు ఎందుకు మూసుకునేదో అప్పుడు తెలిసింది.

మళ్ళీ వారం రోజులు పిన్ని కొట్టు దాటలేదు. ఈసారి కుర్చీ చేతికి, కూర్చున్నవాళ్ళ కుడి చెయ్యి ఆనే చోట, రెండో పిడి పెట్టింది. వెనక మనిషిదీ, కూర్చున్న మనిషిదీ రెండు పిడులూ పట్టుకుంటేనే కుర్చీ కదులుతుంది. ఇద్దరిలో ఎవరు వదిలినా ఆగిపోతుంది. టీచరు విరిగి అతికిన చేత్తో కూడా నొక్కగలిగేలా, ఆవిడ అరచేయి కొలత తీసి మెత్తటి స్ప్రింగు వేసింది.

ఒక ఆదివారం ఉదయం టీచరు దిగింది. వెనక పిన్ని, కింద మలుపులో దర్జీ. మొదటి అంచు దాటేటప్పుడు ఆవిడ పెదవి కొరుక్కుంది. పది మెట్లు దిగాక ఉన్నట్టుండి కుర్చీ ఆగిపోయింది.

"ఏమైంది వదినా? నొప్పిగా ఉందా?"

"ఏం కాలేదు. నేనాపాను" అందావిడ. "ఆగమంటే ఆగుతుందో లేదో చూశాను. పద."

అలా మరో మూడుసార్లు ఆపింది. చివరిసారి దర్జీ తలుపు నొక్కు చూసి నవ్వడానికి. కింద దిగి ఎండలో నిలిచాక, ఆస్పత్రికీ కాదు, బ్యాంకుకీ కాదు, "నీ కొట్టు చూపించు" అంది. తమ్ముడు పోయాక ఆ కొట్టెలా ఉందో ఆవిడ చూడనేలేదు. ఇనుప ముక్కలు, రబ్బరు తునకలు, సుద్దతో అంకెలు గీసిన నేల అంతా కలయజూసి, "ఈ గందరగోళంలోనా ఇంత పని చేశావు!" అని మరదలి నల్లటి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

అప్పటినుంచి ఆ పరికరాలు మరో పదకొండు తయారయ్యాయి, వేరే వేరే ఇళ్ళకి. ప్రతి ఇంటి మెట్లూ పిన్నే వెళ్ళి కొలుస్తుంది. వంకర మెట్లయితే, "ఇక్కడ పనికిరాదు, ముందు మెట్లు సరిచేయించుకోండి" అని నిర్మొహమాటంగా చెప్పి వచ్చేస్తుంది. ఒకాయన తన తండ్రి కోసం అడుగుతూ, "ముసలాయనకి ఆ రెండో బ్రేకెందుకు? ఊరికే ఆపి విసిగిస్తాడు, తీసెయ్యండి" అన్నాడు.

"ఆపనివ్వండి" అంది పిన్ని. "దిగేది ఆయన."