ఇంగ్లండులో నేను బొగ్గుబాయి దిగిన రోజు

మా ఆయన మల్లయ్య ముప్పై ఏళ్ళకు పైగా నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయి అంటే నీళ్ళ బావి కాదు, మా బొగ్గు ఊళ్ళలో గనిని అలాగే అంటాం. ఆ ముప్పై ఏళ్ళూ నేను ఆయన్ని ఒకే కోరిక కోరాను. "ఒక్కసారి నువ్వు పనిజేసే జాగ నాకు సూపియ్యరాదు?" అని. "ఆడోళ్ళను కిందికి దింపరే. గదేమన్న సినిమా టాకీసా?" అనేవాడు. ఈ మధ్య ఆడపిల్లలకు కూడా గనుల్లో ఉద్యోగాలు వస్తున్నాయని విని సంతోషపడ్డాను గానీ, నా కాలానికి ఆ భాగ్యం లేదు. నాకు తెలిసిందల్లా బాయి గేటు, సైకిల్ స్టాండు, దిగే ముందు అందరూ మొక్కే మైసమ్మ గుడి. అక్కడి నుంచి లోపలికి మా ఆయన ఒక్కడే పోయేవాడు. నేను ఇంటి ముందు గదిలో మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటూ, వేళ కాని వేళ సైరన్ మోగితే సూది వేలికి గుచ్చుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన రిటైరైన రోజు మైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి "ఇగ దిగ తల్లీ" అని, మళ్ళీ బాయిలోకి దిగనని మాట ఇచ్చి వచ్చాడు. ఇక నా కోరిక గంగలో కలిసినట్టే అనుకున్నాను.

అలాంటి సమయంలో ఒకరోజు ఫోన్లో ఏదో చూస్తుంటే, ఇంగ్లండులో ఒక పాత గనిని మ్యూజియం చేసి, చూడవచ్చిన వాళ్ళను ఆడా మగా తేడా లేకుండా కిందికి దింపి చూపిస్తున్నారని కనబడింది. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తెల్లారి మా ఆయనతో "ఇంగ్లండు పోదాం, పాత కోటలు, పెద్ద పెద్ద చర్చీలు ఉంటయట" అన్నాను. గని సంగతి మాత్రం నోరు జారలేదు. ఆయన అసలే వద్దంటే వద్దనే మనిషి. ఆయన రిటైరైన డబ్బులో కొంత, నా చీటీ డబ్బు కొంత వేసి, ఎనిమిది రోజుల గ్రూపు టూరు తీసుకున్నాం. నేను ఆ టూరే ఎందుకు ఏరుకున్నానంటే, అందులో యార్క్ నగరంలో ఒక రోజు మన ఇష్టానికి వదిలేస్తారు. ఆ గని అక్కడికి దగ్గరే. ఇద్దరికీ గనిలోకి దిగే టికెట్లు కూడా ఇంటి దగ్గరే బుక్ చేసి పెట్టుకున్నాను.

మిగతా ఊళ్ళ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే అన్యాయం. బాత్ అనే ఊళ్ళో రోమన్లు కట్టిన వేడినీళ్ళ కొలను ఇప్పటికీ పొగలు కక్కుతోంది. దిగనివ్వరు, చూడటమే. చెస్టర్‌లో నల్ల కర్ర, తెల్ల సున్నం ఇళ్ళ మధ్య బజారు రెండంతస్తుల్లో ఉంటుంది. వాన వచ్చినా తడవకుండా పై అంతస్తు వసారాల్లోనే దుకాణాలన్నీ తిరగొచ్చు. యార్క్‌లో పెద్ద చర్చికి ఇద్దరికీ కలిపి నలభై పౌండ్ల దాకా అయింది. "దేవుని సూడనీకి టికెటేందే?" అని మా ఆయన గునిశాడు. "వేములవాడల స్పెషల్ దర్శనానికి కొనలేదా నువ్వు?" అన్నాను. కుక్కిన పేనులా లోపలికి నడిచాడు. లోపల ఆ రంగు అద్దాల కిటికీలు చూశాక మాత్రం టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక అసలు రోజు. పొద్దున ఎనిమిదింటికి యార్క్ కోటగోడ ఎక్కాం. దీనికి టికెట్ లేదు. ఊరి చుట్టూ ఉన్న ఈ గోడ మీద తీరిగ్గా నడిస్తే రెండు గంటలు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్ళు చర్చి వెనక భాగం ఒక్కటి నడిచినా చాలు, అన్నిటికన్నా అందమైన ముక్క అదే. మబ్బు పట్టి ఉంది, చలి ముక్కును కొరుకుతోంది. మా ఆయన మంకీ క్యాపు పెట్టుకుని, "గీ గోడ మీద నడవనీకి గింత దూరమొస్తిమా? మన ఎలగందుల ఖిల్లాకేమైంది?" అన్నాడు. ఎలగందుల ఖిల్లా కరీంనగర్ పక్కనే ఉంది, ఆయన దాన్ని ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆయన గునుస్తున్నాడంటే మంచి హుషారులో ఉన్నట్టే, అందుకే అప్పుడు చెప్పాను. "పది గంటలకు రైలున్నది. బాయి సూడనీకి పోతున్నం."

"ఏ బాయి?"

"బొగ్గు బాయి. నేను దిగుత."

మా ఆయన గోడ మీద అలాగే నిలబడిపోయాడు. "ప్రపంచంల ఇంకేం దొరకలేదా నీకు?" అన్నాడు. దొరకలేదు అన్నాను.

మా టూరు మేనేజర్ ఇర్ఫాన్ హుజూరాబాద్ వాడు. మిగతా గ్రూపును షాపింగుకు తీసుకుపోతూ మమ్మల్ని స్టేషన్ దాకా దింపి, "ఫికర్ చెయ్యకు చాచీ, వేక్‌ఫీల్డ్ వెస్ట్‌గేట్ అని వస్తది, గాడ దిగుండ్రి. పొద్దూకే వరకు హోటల్‌కు రాండ్రి, చాలు" అన్నాడు. యార్క్ నుంచి గంటలోపే వేక్‌ఫీల్డ్ చేరాం. అక్కడ బస్టాండుకు నడిచి, హడర్స్‌ఫీల్డ్ వైపు పోయే బస్సెక్కితే, అరగంటలో గని ముందే ఆపుతుంది. మనిషికి మూడు పౌండ్లు. బస్సు డ్రైవరు టికెట్ ఇస్తూ నన్ను "లవ్" అని పిలిచాడు. ఆ పక్క అందరినీ అలాగే పిలుస్తారట. మా ఆయనకు ఆ సంగతి ఎంత చెప్పినా తలకెక్కలేదు, దిగేదాకా ఆ డ్రైవరు వీపు వైపే గుర్రుగా చూశాడు.

గని దగ్గర దిగగానే మా ఆయన నడక మారిపోయింది. పైన తిరిగే పెద్ద చక్రాన్ని చూసి ఆగాడు. గాలి పీల్చి, "గదే వాసన" అన్నాడు. ఆ తరువాత అటూ ఇటూ వెతికి, "గీళ్ళకు మైసమ్మ లేదా?" అని అడిగాడు. లేదు. ఆ వెంటనే మొదలుపెట్టాడు. "మైసమ్మకు మాటిచ్చిన, నేనైతే దిగ. నువ్వొక్కదానివి ఎట్ల దిగుతవ్? ఎవలన్న తెలుసా, భాష తెలుసా?"

"ముప్పై ఏండ్లు నువ్వొక్కనివే దిగినవ్. నేను వద్దన్ననా?"

"గది నౌకరి!"

"గిది నా మొక్కు."

మ్యూజియం చూడటానికి డబ్బులు తీసుకోరు, కిందికి దిగడానికి మాత్రం కొన్ని పౌండ్ల టికెట్ ఉంటుంది. ఆయన దిగడని నేను చెప్పాక, కౌంటర్‌లో ఉన్న ఆవిడ బుకింగులో నా పేరు చూసుకుని, నా చీర వైపు అనుమానంగా చూసింది. కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయని ఆమె బాధ. అంత దూరం వచ్చి చీర దగ్గర ఆగిపోతానా? బాత్రూంలోకి వెళ్ళి, ఆసిఫాబాద్ వైపు మా అమ్మమ్మ నాట్లకు పోయేటప్పుడు కట్టినట్టు గోచి పెట్టి బిగించి కట్టాను. బూట్లు ముందే వేసుకుని ఉన్నాను. బయటికి రాగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. మా ఆయన మాత్రం మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

నిప్పు రవ్వ పుట్టే వస్తువేదీ కిందికి తీసుకుపోకూడదు. అగ్గిపెట్టె, ఫోను, వాచీ, బ్యాటరీ ఉన్న ప్రతిదీ పైనే వదలాలి. నేను హ్యాండ్‌బ్యాగు మొత్తం మా ఆయన చేతిలో పెట్టాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా బ్యాగు తెరిచి ఎరగడు. నా నెత్తిన దీపమున్న హెల్మెట్ పెట్టి, ఆ దీపానికని రవ్వ పుట్టకుండా చేసిన బ్యాటరీని నడుముకు బెల్టుతో కట్టారు. మా ఆయన దగ్గరికి వచ్చి, ఆ బెల్టును ఒకసారి గుంజి చూసి, నా గదవ కింద హెల్మెట్ పట్టీ తనే బిగించాడు. "నెత్తి వంచుకొని నడు. ఏదీ ముట్టకు. ముందటోని అడుగులల్ల అడుగెయ్యి" అన్నాడు.

ఇనుప తలుపు పడింది. మా పదిమందిని తీసుకుని లిఫ్టు కిందికి జారింది. చెవులు మూసుకుపోయాయి, తడిగోడలు పైకి పరుగెత్తాయి. దిగింది నూట నలభై మీటర్లే, మా ఊరి బాయిలు ఇంకా లోతు. అడుగు పెట్టగానే వంగి నేలను తాకి కళ్ళకు అద్దుకున్నాను. మమ్మల్ని నడిపించే ఆయన పేరు డేవ్, ఒకప్పుడు గనిలో పనిచేసిన మనిషే. నా హెల్మెట్ కింది బొట్టు చూసి నవ్వి ఏదో అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో "మా ఆయన కోల్ మైనర్, పైన ఉన్నాడు, నేను కింద ఉన్నాను" అన్నాను. "ఎప్పుడూ దీనికి ఉల్టా కదా జరిగేది!" అన్నట్టు ఏదో అని ఆయన పెద్దగా నవ్వాడు.

సొరంగంలో వంగి నడుస్తుంటే మా ఆయన నడుమునొప్పికి అర్థం తెలిసింది. దన్నుగా నిలబెట్టిన దుంగలు, పట్టాలు, చుక్కలు చుక్కలుగా కారే నీళ్ళు. ఒకచోట ఒక ఆడమనిషి బొమ్మ ఉంది, నడుముకు గొలుసు కట్టుకుని బొగ్గు బండి లాగుతోంది. పూర్వం ఇక్కడ ఆడవాళ్ళు, పిల్లలు కూడా దిగి పనిచేసేవారట, తరువాత చట్టం తెచ్చి మాన్పించారట. ఆ తల్లిని చూసి నాకు ఏడుపొచ్చింది. నేను వేడుకగా దిగిన చోటికి ఆమె పొట్టకూటికి దిగింది. ఇంకొంచెం ముందుకు పోయాక డేవ్ అందరి దీపాలూ ఆర్పమన్నాడు. అంతటి చీకటిని నేను నా జన్మలో చూడలేదు. నా చెయ్యి నాకే కనబడలేదు. అందులో నిలబడి ఒక విచిత్రం గమనించాను. నాకు భయం వెయ్యలేదు. ఇన్నేళ్ళు ఆ గేటు బయట ఉండి ఎంత భయపడ్డానో, అందులో పిసరంత కూడా ఇక్కడ లేదు. పక్కన మనుషులు ఊపిరి తీసుకుంటున్నారు, మాట్లాడుకుంటున్నారు. అంటే ఆ ఏళ్ళన్నీ మా ఆయన కూడా కింద ఒంటరిగా లేడు. అది ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

మాతో వచ్చిన ఒక ముసలాయన మెల్లగా నడవడంతో చెప్పిన వేళ కన్నా ఆలస్యంగా పైకొచ్చాం. తలుపు తెరవగానే వెలుతురుకు కళ్ళు చెదిరాయి. ఎదురుగా మా ఆయన ఉన్నాడు. కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి, వెచ్చటి క్యాంటీన్ ఉంది. ఆయన మాత్రం ఆ చలిలో, తలుపుకు ఎంత దగ్గరగా నిలబడనిస్తారో అంత దగ్గరగా, నా హ్యాండ్‌బ్యాగు గుండెలకు అదుముకుని నిలబడి ఉన్నాడు. కౌంటర్ ఆవిడ పరుగున వచ్చి, మీ ఆయన టీ కొని తాగలేదు, లిఫ్టు వచ్చిందా వచ్చిందా అని తనను ఊపిరి తీసుకోనివ్వలేదు, ఇది మ్యూజియం అయ్యా, ఎవరూ ఎక్కడికీ పోరు అని ఎంత చెప్పినా వినలేదు అని నవ్వుతూ చాడీలు చెప్పింది. ఆయన ఇవేమీ పట్టించుకోకుండా నన్ను నెత్తి నుంచి పాదాల దాకా చూసుకున్నాడు.

అప్పుడు ఆయన కుడిచేతి వేళ్ళు ఎర్రగా ఉండటం చూశాను. దెబ్బ తగిలిందేమో అని హడలిపోయి చెయ్యి పట్టుకున్నాను. కుంకుమ. ఏమైందని అడిగితే గడ్డం ఎత్తి పక్కకు చూపించాడు. పూలమొక్కల అంచున పిడికెడంత నల్లరాయి నిలబెట్టి ఉంది. దానికి నా బ్యాగులోని పొట్లం నుంచి తీసిన పసుపు, కుంకుమ పెట్టాడు. ముందు, దారిలో తినడానికి నేను బ్యాగులో పెట్టుకొచ్చిన సర్వపిండి రొట్టె ముక్క ఒకటి. నేను మైసమ్మకు దీపం పెట్టి వచ్చిన ప్రతిసారీ "కింద పనిజేసేది నేను, మీద నీకేం పరేషానే?" అని నవ్విన మనిషి, ఇంగ్లండులో మైసమ్మను నిలబెట్టాడు!

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు.

"గిట్లనే ఉంటదా?" అన్నాడు.

"ఏంది?"

"మీద నిలబడుడు."

"రోజు గిట్లనే. మూడు షిఫ్టులల్ల గిట్లనే."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "కిందనే నయమే."

బస్సు వచ్చే వేళకు ఆ రాయిని తీసెయ్యాలా అని కౌంటర్ ఆవిడను అడిగాను. ఉండనివ్వండి, ఎవరికి అడ్డం అంది. మా ఆయన కూడా "ఉండనియ్. ఇంక దిగెటోళ్ళు దిగుతరు గదా" అన్నాడు. బస్సులో ఇద్దరం సర్వపిండి పంచుకుని తిన్నాం. పొద్దుగూకే లోపలే యార్క్ చేరి, ఇర్ఫాన్ కళ్ళ ముందే నేను హోటల్ మెట్లు ఏనుగెక్కినట్టు ఎక్కాను. బొగ్గు మసి గోచి అంచుకు అంటి ఉంది. ఆ చీర ఇంతవరకు ఉతకలేదు.

కోటలు, చర్చీలు, రోమన్ల కొలనులు అన్నీ బాగున్నాయి, తప్పకుండా చూడండి. కానీ ఇన్ని వేల మైళ్ళు పోయి నేను గెలుచుకు వచ్చింది మాత్రం మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న సంగతే. ఆయన ముప్పై ఏళ్ళు ఎక్కడ ఉన్నాడో నేను చూశాను, నేను ఎక్కడ ఉన్నానో ఆయన చూశాడు. నా మొక్కు తీరింది, దాంతోపాటు నేను మొక్కుకోనిది కూడా దక్కింది. ఇప్పుడు పొరుగున ఎవరింట్లోనైనా మగవాళ్ళు నైట్ షిఫ్టుకు పోతుంటే, మా ఆయన వాకిట్లో నిలబడి వాళ్ళ ఆడవాళ్ళను పలకరిస్తున్నాడు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఈ గని వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, ధరలూ మారుతుంటాయి, అవి చూసుకుని ముందే బుక్ చేసుకోండి. దిగే ముందు బ్యాగు పైన వదలాల్సి వస్తుంది కాబట్టి, అది ఎవరి చేతికి ఇస్తారో ఆలోచించి తీసుకువెళ్ళండి. పైన నిలబడేది కొత్తవాళ్ళయితే, అందులో ఒక కుంకుమ పొట్లం కూడా పెట్టండి.