రెండోసారి బరువు చెప్పని బస్తా

ఆ రోజుల్లో నాకు యాభై దాటినా (పైథాన్ అనే కంప్యూటరు భాషలో మాత్రం పాలుతాగే పసివాణ్ణి) కాలేజీ మొహం చూడనివాడు ప్రోగ్రాములు ఏం రాస్తాడనే వాళ్లమీద ఒళ్లు మండిపోయేది. ఆ మంటతోనే ఎమ్మిగనూరులో మా మిద్దెమీద కూర్చుని, నాకు నేనే నేర్చుకుని, ఆదోనిలో వేరుశనగ మండీ నడిపే సేటుకు ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. కాటా మీద బస్తా పెడితే, సంచి బరువు పోను నికర బరువు కట్టి చూపించాలి. "రైతులు నమ్మితే ఉంచుకుంటా, లేదంటే ఎత్తుకొని పో" అన్నాడు సేటు.

మొదటి బస్తా ఎక్కింది. మీట నొక్కాను, అంకె వచ్చింది, నేను కాలరు సర్దుకున్నాను. ఆ మండీలో బరువు రెండుసార్లు చెప్పడం ఆనవాయితీ, ఒకటి సేటుకు, ఒకటి రైతుకు. "నాకూ ఒకతూరి సెప్పప్పా" అన్నాడు ఆ బస్తా తెచ్చిన గోనెగండ్ల రైతు. మళ్లీ నొక్కాను. ఇది అంకె, పిలిస్తే పలికేది కాదని తెరమీద ఎర్రటి అక్షరాలు.

"ఏం సేటూ, ఇప్పుడే గదా సెప్పింది, అంతలోనే నోరు పడిపోయెనా?" అన్నాడు రైతు.

"కరెంటు సరిగా లేదు" అన్నాను.

"ఫ్యాను తిరుగుతాండాది గదన్నా" అన్నాడు హమాలీ.

ఊరుకున్నానా? పైథాన్ చేసినవాళ్లను, కంప్యూటరు అమ్మినవాణ్ణి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న, ఏ పాపమూ ఎరగని సేటు అల్లుణ్ణి వరసబెట్టి తిట్టాను. రైతు మాత్రం బస్తా దింపించి పక్క మండీకి మోయించుకుపోయాడు.

బస్సెక్కి ఇంటికొచ్చి చూస్తే తప్పంతా నాదే. ప్రోగ్రాంలో నికర బరువు కట్టే పనికి, అంటే మెథడ్‌కు, పెట్టిన పేరు 'బరువు'. కట్టిన అంకెను దాచుకునే గూటికీ, అంటే ఆట్రిబ్యూట్‌కూ, 'బరువు' అనే పెట్టాను. మొదటిసారి పిలిస్తే మెథడ్ పలికి, వచ్చిన అంకెను తన పేరుతోనే దాచింది. రెండోసారి అదే పేరు పెట్టి పిలిస్తే ఆ అంకె అడ్డం నిలబడింది. ఇంట్లో ఏ బస్తానూ రెండోసారి అడిగి చూడలేదు (రాసింది నేను కదా, అనుమానం ఎందుకు). సిగ్గుపడుతూ మెథడ్ పేరు 'బరువుకట్టు' అని మార్చాను.

మర్నాడు తలొంచుకుని పోయి, ఒకే బస్తాను అడిగినన్నిసార్లు చెప్పించి చూపాను. సేటు మీసం దువ్వుకున్నాడు.

"ఉంచుకుంటాలే. మిషను నాకు సెప్తాది. రైతులకు మాత్రం ఈ సీజనంతా నువ్వే పక్కన నిలబడి నోటితో సెప్పు. నిన్ను సూస్తే నమ్ముతారు, దాన్ని సూస్తే నవ్వుతారు."

నిలబడ్డాను. నా ప్రోగ్రాం మౌనంగా చూపిన ప్రతి బరువునూ నేను గొంతు చించుకుని అరిచాను. కోపిష్టినైన అప్పటి నేను తలపుకొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, చెవులు మాత్రం ఇంకా వేడెక్కుతాయి.