గోడ మీద హుకుం

యుద్ధం నడుస్తున్న రోజులవి. షామీర్‌పేటలో మా పక్కింటి మామ, చెరువులో చేపలు పట్టి నాలుగు డబ్బులు వెనకేసినవాడు, మిద్దె కట్టాలని మట్టిగోడ లేపాడు. మట్టిగోడకు ఒక వరుస పెట్టి, అది ఆరాక మరో వరుస పెట్టాలి. మామకు అంత ఓపిక లేదు. మృగశిర వానలకు ముందే ముగించాలని పచ్చి వరుస మీద పచ్చి వరుస ఎక్కించాడు. చూస్తుండగానే అది చందమామ గడ్డానికి తగిలేంత ఎత్తయింది. ఎత్తుతోపాటు మా వైపు వంగడం కూడా మొదలుపెట్టింది.

సరిగ్గా దాని పక్కనే, మా పెంకుటింట్లో, తుంటి విరిగి లేవలేని అమ్మ మంచం. మంచం జరుపుతానంటే ఆమె ఒప్పుకోలేదు. జరిగితే ఆ జాగా మీద కబ్జా, అంటే మా స్వాధీనం, పోతుందని, రేపు మామ అదీ తనదేనంటాడని ఆమె నమ్మకం. ఊళ్లో భూమి తగాదాలు విని విని ఆమె సగం వకీలయింది.

మిగతా సగం కోసం నేను మేడ్చల్ కోర్టు కచేరీకి పోయాను. వకీలు సాబ్ అంతా విని, గోడ పడిందా అని అడిగాడు. లేదన్నాను. కుదిరిన సంబంధం తప్పిపోయినవాడిలా మొహం పెట్టాడు. పడితే నష్టానికి హర్జానా రాబట్టవచ్చట. పడకముందైతే పని ఆపమని హుకుం తెప్పించడమే దారట. గోడ ఇంకా ఎత్తు పెంచరాదని సాదాగా రాయబోయాడు. అంత సాదాతనం నా ఒంటికి పడదు.

"గట్ల సప్పగ రాస్తె ఎట్ల సాబ్? గోడ మీద ఒక్క చెయ్యి గూడ పడొద్దని రాయుండ్రి" అన్నాను.

రాశాడు. మున్సిఫ్ జడ్జి దస్తఖతు చేశాడు. కచేరీ జవాను డప్పు కొట్టించి, ఉర్దూ కాగితాన్ని తెలుగులో వినిపించి, గోడకే అంటించి పోయాడు. తీర్పు వచ్చేదాకా గోడను ముట్టినవాడికి జైలు. రెండు రోజులు నేను ఊరంతా మీసం తిప్పుకుంటూ తిరిగాను.

మూడో రోజు చెరువు అవతల మబ్బు లేచింది. వంద గొంగళ్లు తడిపి ఆరేసినట్టుంది. ఇక వాన ఆగలేదు. గోడ పొద్దున బెత్తెడు, సాయంత్రం జానెడు వంగేది. ఇది పెంచి చెప్పడం కాదు, పుల్ల పెట్టి కొలిచాను. మట్టిబెడ్డలు పెంకుల మీద రాలుతుంటే అమ్మ కళ్లు తెరుచుకుని వింటూ పడుకునేది.

పై వరుసలు దింపమని మామను అడిగాను. అతను అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"దింపుదామనే కూలోళ్లను పిలిచిన అల్లుడా. గా దినమే నీ హుకుం వచ్చింది. వాపస్ పంపిన."

"ఇప్పుడు దింపు మామా. నేనే చెప్తున్న గద."

"నువ్వు చెప్తె అయితదా? సర్కారు చెప్పాలె. కట్టె ఆనిచ్చినా జైలేనంట."

మేడ్చల్‌కు పరుగెత్తాను. మున్సిఫ్ సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా హుకుం మారదన్నారు. తిరిగొచ్చేసరికి గోడలో నిలువునా బీట. మోచేతి దాకా చెయ్యి పట్టేంత. పెట్టి చూడలేదు, హుకుం ఉంది కదా.

అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "గా కాగితంల నా పానానికి ఎంత రాయించినవ్ రా?"

గోడ గురించి పేజీలు రాయించాను. అందులో అమ్మ ఎక్కడా లేదు.

అప్పటికే మామ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గోడను ముట్టొద్దన్నరు గని మంచాన్ని ముట్టొద్దన్లేదు" అంటూ కాళ్ల వైపు పట్టుకున్నాడు. నేను తల వైపు పట్టాను. కబ్జా పోతోందని మా ఇద్దరినీ తిడుతూ అమ్మ దర్వాజాను పట్టుకుంది. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. వానలోనే ఆమెను మామ పాత ఇంటికి మోసుకుపోయాం.

ఆ సాయంత్రమే గోడ పడింది. చప్పుడు కీసర దాకా వినబడిందని చెప్పాలనుంది గానీ, నిజానికి పెద్ద చప్పుడే కాలేదు. తడిమట్టి కదా, అలసిన మనిషిలా మా ఇంటి మీద కూర్చుంది. పెంకులు, దూలాలు, పొయ్యి, అన్నీ దాని కిందికి పోయాయి.

మామ వసారాలో, అతని దుప్పటే కప్పుకుని, అమ్మ కూలిన మా ఇంటి వైపు చూసింది. "ఇగ హర్జానాకు పోతవా?" అని అడిగింది.

పోనన్నాను.

ఆ వానాకాలమంతా వాళ్లింట్లోనే తిన్నాం, వాళ్ల కప్పు కిందే పడుకున్నాం. నేను కచేరీ ఉన్న మేడ్చల్ వైపు ఉప్పు కోసం బయలుదేరినా సరే, మామ చేస్తున్న పని ఆపి, నేను దారి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేవాడు.