నిరుటి నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరి కాలికి చీపురుపుల్ల కట్టి ఉండేది. నారికురుపు పేరే వినని ఈ కాలం పిల్లలకు దాని గురించి కొంచెం చెప్పాలి. ముందు పాదం మీదో పిక్క మీదో మంటగా బొబ్బ లేస్తుంది. అది చిట్లితే లోపలి నుంచి తెల్లటి దారంలాంటి పురుగు, దాన్నే నారు అనేవాళ్లం, తల బయటపెడుతుంది. గుంజితే తెగిపోతుంది. తెగితే కాలంతా వాచి జ్వరం పట్టుకుంటుంది. అందుకని దాన్ని పుల్లకు చుట్టి, రోజుకింత చొప్పున ఓపికగా బయటకు తీసుకోవాలి. మొత్తం రావడానికి ఒక్కోసారి నెల పట్టేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు మా అమ్మకు రెండు కాళ్లకూ వచ్చింది. వరుసగా అది మూడో ఏడు. పొయ్యి దగ్గరికి దేక్కుంటూ వచ్చి వంట చేసేది. ఈసారి మోకాలి కీలుకు గనుక వస్తే ఇక కాలు వంగదని దవాఖానలో చెప్పారట. బాపు ఆ మాట నాయినమ్మతో మెల్లగా అంటుంటే నేను తలుపు చాటున విన్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున లేవగానే అమ్మ మోకాళ్లు తడిమి చూసేదాన్ని.

సిద్దిపేటలో మా వీధివాళ్లకు రెండు బావులుండేవి. దగ్గరిది చేదబావి. దూరంగా ఉన్నది మెట్లు దిగి నీళ్లు ముంచుకునే దిగుడుబావి. చేదబావిలో తోలు చేద వేసి తోడేవారు. తోలు తగిలిన నీళ్లు మడికి పనికిరావని మా నాయినమ్మ వాటిని గడప దాటనిచ్చేది కాదు. తెల్లవారక ముందే తలస్నానం చేసి, తడిబట్టతో దిగుడుబావికి పోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఇత్తడి బిందె ముంచుకుని వచ్చేది. దేవుడికి అభిషేకం ఆ నీళ్లే, మాకు తాగడానికీ ఆ నీళ్లే. ఆమె పాదాల మీద కూడా పాత నారికురుపు మచ్చలు నాలుగైదు ఉండేవి. అమ్మవారికి మన మీద ఎందుకో కోపం వచ్చిందని ఆమె నమ్మకం. కోడలి కాళ్లు బాగవ్వాలని ఒంటిపూట ఉపవాసాలు కూడా పట్టింది.

అప్పుడే అమ్మను చూడడానికి మా మేనమామ వచ్చాడు. నిజాం సర్కారులో బావులకూ చెరువులకూ కొలతలు తీసే నౌకరి ఆయనది. చెల్లెలి కాళ్లు చూసి, మీరు తాగే నీళ్లు ఏ బావివని అడిగాడు. తర్వాత నన్ను పిలిచి, నూరు దాకా లెక్క వచ్చా అని అడిగాడు. నేను బడి ముఖం చూడలేదు. బాపు ఇంట్లోనే పలక మీద నేర్పించాడు. వచ్చు అన్నాను గొప్పగా.

మామ నాకు రెండు గిన్నెలిచ్చాడు. ఒకటి చేదబావి గిన్నె, ఇంకొకటి దిగుడుబావి గిన్నె. ఇంటింటికీ పోయి వాళ్లు తాగే నీళ్లు ఏ బావివో అడగాలి. ఆ ఇంట్లో ఈ ఏడు నారు వచ్చినవాళ్లుంటే ఆ బావి గిన్నెలో చింతగింజ, లేకుంటే శనగగింజ వేయాలి. కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటే మామ నవ్వాడు. "కాగితం పట్టుకొని పోతే సర్కారోళ్లు వచ్చిన్రని తలుపులేసుకుంటరు బిడ్డా. గింజలకు ఎవలు భయపడరు."

నిజంగానే ఎవరూ భయపడలేదు. పక్కింటి అక్క అయితే, "ఏందే, గింజలేసుకుంట మీ మామకు పిల్లను సూస్తున్నవా?" అని ఆటపట్టించింది. రెండు రోజులు తిరిగాను. దిగుడుబావి గిన్నె చింతగింజలతో నల్లబడింది. చేదబావి గిన్నెలో అన్నీ శనగగింజలే, రెండు చింతగింజలు తప్ప.

ఆ రెండూ నాకు ఎబ్బెట్టుగా కనిపించాయి. చూడ్డానికి బాగుంటుందని వాటిని తీసి దిగుడుబావి గిన్నెలో వేయబోతుంటే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గట్ల చెయ్యకు బిడ్డా. మనం అనుకున్నదానికి ఒదగని గింజ ఉంటది సూడు, అసలు సంగతి గదే చెప్తది. మళ్ల పోయి అడుగు."

మళ్లీ పోయాను. ఒక గింజ కొత్త కోడలిది. మాఘమాసంలోనే చిన్నకోడూరు నుంచి కాపురానికి వచ్చింది. పుట్టింట్లో ఆ ఊరి దిగుడుబావి నీళ్లే తాగేదట. ఇంకొక గింజ తాటిచెట్లెక్కే గౌడుతాతది. ఇంట్లో చేదబావి నీళ్లే కానీ, చెట్లెక్కి దిగాక దారిలో దిగుడుబావి దగ్గర ఆగుతాడట. "దోసిలి పట్టి కడుపునిండ తాగుత బిడ్డా. కల్లు గీసెటోడు నీళ్లు తాగుడేందని నవ్వకు" అని ఆయనే నవ్వాడు.

కొత్త కోడలి సంగతి చెప్పగానే మామ ముఖం వెలిగింది. నారు లోపల దగ్గర దగ్గర ఏడాది పెరుగుతుందని, ఇప్పుడు కాలికి వచ్చింది నిరుడు తాగిన నీళ్లదని చెప్పాడు. పెద్ద పెద్ద డాక్టర్లు ఇదంతా ఎప్పుడో పరిశోధన చేసి కనిపెట్టారట. ఆ మాట మా వీధి దాకా రాలేదు, అంతే.

మర్నాడు పొద్దున నాయినమ్మ తెచ్చిన బిందెలోంచి ఒక గుండ్రటి గాజు సీసా నింపి మామ ఎండకు పట్టుకున్నాడు. గుండ్రటి సీసాలో నీళ్లుంటే ఆ నీళ్లే భూతద్దంలా పనిచేస్తాయట. లోపలున్న నలుసు పెద్దదై కనిపిస్తుంది. చూస్తే తెల్లటి చుక్కలు, సూదిమొనంతవి, ఆగి ఆగి ఎగురుతున్నాయి. మామ విడమరిచి చెప్పాడు: నారు ఉన్న కాలు నీళ్లలో పెడితే ఆ పురుగు అక్కడ పిల్లల్ని వదులుతుంది. ఆ పిల్లల్ని ఈ చుక్కల్లాంటి నీటిపురుగులు మింగుతాయి. ఈ చుక్కల్ని మనం తాగుతాం. తర్వాత అదే నీటిని నాలుగు మడతల బట్టలో వడగట్టి మళ్లీ చూపించాడు. ఎగిరే తెల్లచుక్క ఒక్కటి కూడా లేదు.

నాయినమ్మ సీసా వైపు చూసింది, నా గిన్నెల వైపు చూసింది, అమ్మ కాళ్ల వైపు చూసింది. "అంటే నా కోడలికి నేనే, నా చేతులతోనే తాగిచ్చిన్నా?"

"తెలువక తాగిచ్చినవు అత్తమ్మా. నీ భక్తిల లోపం లేదు" అన్నాడు మామ.

ఆమె లేచి దేవుడి గూటి ముందు కూర్చుంది. అభిషేకం చెయ్యలేదు, దీపం కూడా వెలిగించలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పక్కన కూర్చున్న నాకు వినిపించింది. "తండ్రీ, తెలువక తెచ్చిన. తెలిసినంక దాచను."

లేచి వచ్చి తన పాత మడిచీర చింపి, నాలుగు మడతలు పెట్టి బిందె మూతికి కట్టింది. ఆ పూటే ఇంటింటికీ పోయి, తన నీళ్లతోనే కోడలికి నారు వచ్చిందని తన నోటితో తనే చెప్పింది. అత్త అన్నాక ఏ అత్తా చెప్పుకోని మాట అది. మర్నాటి నుంచి దిగుడుబావి మొదటి మెట్టు మీద నిలబడి, పుండుకాళ్లతో వచ్చినవాళ్లను దిగనివ్వకుండా వాళ్ల బిందెలు తనే ముంచి ఇచ్చేది.

మరుసటి ఎండాకాలం అమ్మ కాళ్లకు ఏమీ రాలేదు. నాయినమ్మ మడమకు వచ్చింది. వీధిలో ఆడవాళ్లు ఊరుకుంటారా? "బట్ట కడితే రాదంటివి గద పెద్దమ్మా, నీకే వచ్చె!" అని మూతులు తిప్పారు. ఇద్దరు ముగ్గురు బిందెల మీది బట్టలు తీసేశారు కూడా. నాయినమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. "ఇది నిరుడు బట్ట కట్టకముందు తాగిన నీళ్లది. ఇంకొక్క ఏడు ఓపిక పట్టున్రి" అని పుల్ల చుట్టుకుంటూ చెప్పింది. ఒదగని గింజను ఆమె కూడా పారెయ్యలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం మళ్లీ రెండు గిన్నెలు పట్టుకుని తిరిగాను. ఈసారి బట్ట కట్టిన ఇళ్లకు ఒకటి, కట్టని ఇళ్లకు ఒకటి. బట్ట కట్టిన ఇళ్ల గిన్నెలో ఒక్క చింతగింజ లేదు, అన్నీ కట్టని ఇళ్ల గిన్నెలోనే పడ్డాయి. ఆ గిన్నె అమ్మకు చూపిద్దామని ఇంట్లోకి పరుగెత్తితే అమ్మ లేదు. బిందె చంకన పెట్టుకుని, నాయినమ్మ వెంట మెట్లు దిగి ఎక్కి, ఎండలో నడిచి వస్తోంది.

నాయినమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. మామ రుణం తీర్చుకోలేనిది, తలచుకుని దండం పెట్టుకోవడమే. ఈ వయసులోనూ నేను చేసిన పనుల్లో తప్పులు కనిపిస్తూనే ఉంటాయి. కొన్ని పిల్లలు చూపిస్తారు, కొన్ని నాకే తడతాయి. అలాంటి రోజు సాయంత్రం దీపం పెట్టేముందు కాసేపు ఆగుతాను. తెలువక తెచ్చిన, తెలిసినంక దాచను, అని ముందు దేవుడికి చెప్పుకుంటాను. తర్వాత లేచి పోయి, చెప్పవలసిన మనిషికి చెబుతాను. వచ్చాకే దీపం వెలిగిస్తాను.