ఉక్కు తెడ్డు

నా చిన్నప్పుడు భిలాయ్ సెక్టర్ 7లోని మా క్వార్టర్లో దండెం ఇనుపదే, ప్రార్థన బల్లా ఇనుపదే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో వెల్డరుగా చేరిన మా నాన్నగారు దేవుని తర్వాత నమ్మింది ఉక్కునే.

మా అక్క మరోడా జలాశయంలో కయాక్ నేర్చుకునేది. అది ఒక్కరే కూర్చుని నడిపే సన్నటి పడవ. దాని తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. రాష్ట్ర జట్టు ఎంపికకు ముందు అక్క చెక్క తెడ్డు చీలిపోయింది. మళ్లీ చెక్కదే కావాలంది.

"కర్ర నానితే పుచ్చిపోద్ది తల్లీ. ఇనుమైతే నీ పిల్లలక్కూడా పనికొస్తాది," అన్నారు నాన్నగారు.

"నేను నడిపేది పడవ నాన్నా, బ్రిడ్జి కట్టట్లేదు," అంది అక్క.

ఆయన నవ్వేసి, ఉక్కు గొట్టానికి రేకు రెక్కలు అతికి, అంచులు నున్నగా అరగదీసి, రంగు వేశారు. మా చర్చి సంఘంలో కొత్త సైకిలైనా కుట్టుమిషనైనా ప్రార్థన చేయించాకే వాడేవాళ్లం. తెడ్డునూ అలాగే ఆరాధనలో అందరి ముందు పెట్టారు. సంఘ పెద్దలంతా దానిమీద చేతులుంచారు. ఇక బరువుగా ఉందని చెబితే దేవుని మీదే సణిగినట్టవుతుందని అక్క నోరు మెదపలేదు.

ఎంపిక పోటీలో సగం దూరం బాగానే వెళ్లింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఒక రెక్క గాలిలోకి లేవాలి కదా, ఆ బరువుకు భుజం పట్టేసి తెడ్డు జారింది. చెక్కదైతే తేలేది. ఇది గొట్టంలో నీళ్లు నిండి మునిగిపోయింది. అందరి పడవలూ చేరాక, అక్క ఉత్త అరచేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకొచ్చింది. నాన్నగారు బూట్లతోనే మోకాలి లోతు నీళ్లలోకి దిగి పడవ పట్టుకున్నారు. అక్క ముఖం చూడలేకపోయారు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో ఆయన లేచారు. ఏదో మేలుకు కృతజ్ఞత చెబుతారనుకున్నాం.

"పిల్ల ఏటి మోయగలదో అడగలేదు. నా చేతికి అలవాటైంది ఇచ్చీసినాను. దానిమీద ప్రార్థన కూడా చేయించీసి, పిల్ల నోరు కట్టీసినాను. తల్లీ, నన్ను చమించు."

అక్క ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఎంపిక మాత్రం తిరిగి రాలేదు.

తర్వాత ఇద్దరూ వరండాలో కూర్చుని కొత్త తెడ్డు చేశారు. వెదురు, టేకు, అల్యూమినియం ఒక్కొక్కటే నాన్నగారు చేయి చాచి పట్టుకుని, చెయ్యి వణికేదాకా ఉండి, అప్పుడు అక్కకిచ్చేవారు. చివరికి కాడకు అల్యూమినియం గొట్టం తీసుకుని, నీళ్లు చొరకుండా రెండు చివరలా బెండు బిరడాలు కొట్టారు. రెక్కలకు పల్చటి ప్లైవుడ్ కోసి, అంచులకు వార్నిష్ పట్టించారు. ఈసారి ప్రార్థనకు పెట్టే ముందు, "బరువుగా ఉందేటమ్మా?" అని అడిగారు.

ఇప్పుడు సంఘంలో నేనూ పెద్దనే. తలవంచుకుని నా ముందు నిలబడినవారి మీద చెయ్యి ఉంచబోయి, ఒక్క క్షణం ఆగుతాను. ఏం మోయగలరో ముందు వాళ్లను అడుగుతాను.