వల విసరని భుజం

సూది కాలేయంలోకి దిగగానే సిరింజిలోకి ముదురు గోధుమరంగు చీము వచ్చింది. వాసన లేదు. స్కాన్ తెర మీద నల్లటి గుంట చిన్నదవుతుంటే, బల్ల మీదున్న నాంచారయ్య చాలా రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చాడు. తల తిప్పి సిరింజి చూసి, "నిన్నటి చేపల పులుసులా ఉందేంటండీ" అన్నాడు. మా వైద్య పుస్తకాల్లోనూ దాన్ని చేపలతో చేసిన పచ్చడితోనే పోలుస్తారని చెబితే నవ్వాడు.

అది 1997 వానాకాలం. విజయవాడలో ఒక నర్సింగ్ హోములో ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. నాంచారయ్యది బందరు అవతల సముద్రపు పాయ ఒడ్డున ఊరు. అన్నదమ్ములు ముగ్గురికీ ఒకటే పడవ, విసురువలే బతుకు. అతని భార్య వీరమ్మ ఆ చేపల్ని చల్లపల్లి తీసుకెళ్లి అమ్మేది.

కుడి భుజం నొప్పి అంటూ వచ్చారు. వల విసిరేవాడికి భుజం నొప్పి మామూలే కదా అని ఊళ్లో ఆముదం రాసి కాపడం పెట్టారు, నొప్పికి ఇంజెక్షన్లు చేయించారు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు. మలేరియా అనుకుని మాత్రలు మింగించారు. మనిషి సగమయ్యాడు. "రుద్ది రుద్ది నా చేతులు పడిపోయాయండీ, ఈయన నొప్పి మాత్రం అలాగే ఉంది" అంది వీరమ్మ. ఇంకో ఇంజెక్షన్ చేసి పంపేస్తే వేటకు పోతానని అతని తొందర.

చెయ్యి ఎత్తమన్నాను. సులువుగా ఎత్తి గుండ్రంగా తిప్పాడు. కీలు చెడితే అలా తిప్పలేడు. వల ఎలా విసురుతావో చూపించమన్నాను. లేచి నిలబడి, లేని వలను ఎడమ భుజం మీద వేసుకుని, ఎడమ చేత్తో విసిరాడు.

"పుర్రచెయ్యా?"

"అవునండీ. మా నాన్న ఎంత కొట్టినా మారలేదు."

వీరమ్మ అతని వైపు తిరిగింది. "మరి నాచేత కుడి భుజం రుద్దించావేం?"

"నొప్పి అక్కడే ఉందిగా మరి."

కాలేయం పైన డయాఫ్రమ్ అనే కండరపు పొర ఉంటుంది. ఊపిరి తీసేది దాని సాయంతోనే. ఆ పొర నరం, భుజం నరం మెడలో ఒకేచోట మొదలవుతాయి. అందుకే పొరను కింద నుంచి ఏదైనా నొక్కితే నొప్పి భుజంలో తెలుస్తుంది. కుడి వైపు కింది పక్కటెముకల మధ్య వేలితో నొక్కాను. విలవిల్లాడాడు. స్కాన్‌లో డయాఫ్రమ్‌కు ఆనుకుని చీముతో నిండిన కొబ్బరికాయంత గుంట కనబడింది. అది ఛాతీలోకి పగిలితే ప్రాణానికే ముప్పు. అయినా ఇంటికి పోయి వస్తానన్నాడు. వీరమ్మ అతని చెప్పులు దాచేసింది.

దీన్ని అమీబిక్ లివర్ ఆబ్సెస్ అంటారు. కలుషితమైన నీళ్లతోనో తిండితోనో పేగుల్లో చేరిన అమీబా, రక్తంలో కాలేయానికి వెళ్లి చీముగడ్డ కడుతుంది. విరేచనాలు ఉండాలనేం లేదు. అమీబాను చంపే మెట్రోనిడజోల్ మందు రక్తనాళంలోకి ఎక్కించాం, చీము తీశాం. జ్వరం దిగింది, భుజం నొప్పి పోయింది, అన్నం అడిగి తిన్నాడు. పేగుల్లో మిగిలిన అమీబాకు వేరే మందు ఇచ్చి పంపాం. మరుసటి ఏడాది ఎడమ భుజం మీద చేపల బుట్టతో వచ్చాడు. మళ్లీ స్కాన్ చేస్తే గుంట పూడిపోయింది.

అప్పటి నుంచి భుజం నొప్పి అని ఎవరు వచ్చినా, ముందు వాళ్ల పని చేసి చూపించమంటున్నాను.

ఆసుపత్రిలో ఉండగా అతను నన్నొక ప్రశ్న అడిగాడు. "ముగ్గురం ఒకే కుండ నీళ్లు, ఒకే ముంత కల్లు తాగుతామండీ. నాకే ఎందుకొచ్చింది?" తమ్ముళ్లిద్దరికీ స్కాన్ చేశాం. కాలేయాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ అమీబా కుండలోదో ముంతలోదో, ముగ్గురిలో అతన్నే ఎందుకు పట్టుకుందో ఇప్పటికీ తెలియదు.